ఆ 'తక్కువ' మంది ఎవరు?

శ్రీహరికోటను రాకెట్ ప్రయోగాలకు ఎందుకు ఎంచుకున్నారు? పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు గడగడా చెప్తారు. తూర్పున సముద్రం ఉంది, భూమధ్యరేఖకు దగ్గర, జనాభా తక్కువ. మొదటి రెండూ భూగోళం. మూడోది చరిత్ర. కానీ దాన్నీ భూగోళంలాగే బట్టీ పట్టిస్తున్నాం.

ఆ 'తక్కువ'లో యానాదులు ఉన్నారు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవి అడవిలో తేనె, సుగంధిపాల వేరు, కుంకుడుకాయలు ఏరుకుని తరతరాలు బతికారు. చేపలు పట్టారు, పాముకాటుకు మందులిచ్చారు, చెంచు దేవుణ్ణి కొలిచారు. 1969లో దీవిని అంతరిక్ష కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. కేంద్రం కింద ఉన్న భూమి 43,360 ఎకరాలు. ఎన్నో కుటుంబాలు దీవి వదిలి ఇవతలి ఒడ్డుకు రావలసి వచ్చింది. ఈ ముక్క జవాబులో ఉండదు.

మన గురించి పుస్తకాలు లేక ఇలా జరిగిందా? కాదు. 1909లో వచ్చిన థర్‌స్టన్, రంగాచారిల ఏడు సంపుటాల్లో చివరిదాంట్లో యానాదుల మీద పెద్ద వ్యాసమే ఉంది. కర్రకు కర్ర రాపాడించి నిప్పు పుట్టించడం దాకా రాశారు. అయితే థర్‌స్టన్ పద్ధతి తలలూ ముక్కులూ కొలిచే పద్ధతి. మనిషిని చూశాడు గానీ, మనిషితో మాట్లాడినట్టు రాయలేదు.

వెన్నెలకంటి రాఘవయ్య గారి దారి వేరు. మనవాళ్ల మీద దొంగలన్న ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం పోవాలని పోరాడిన మనిషి. 1962లో యానాదుల మీద పుస్తకం తెచ్చారు. మేలు కోరి రాసినదే. కానీ ఇంగ్లీషులో రాశారు. మన గూడెంలో ఎవరు చదవగలరు? అది అధికారులకూ చదువుకున్నవాళ్లకూ మన తరఫున చెప్పిన మాట.

ఈ రెండు పుస్తకాల్లోనూ లోపాలున్నాయి. అయినా అక్కడ మనుషులున్నారని రెండూ ఒప్పుకున్నాయి. మన చేతిలోని గైడు పుస్తకం ఆ పని కూడా చేయడం లేదు. నా అభ్యంతరం అదే.

రాకెట్ వద్దని నేననను. ఉపగ్రహం చూసి చెప్పే తుపాను కబురు ఈ తీరంలో మన గుడిసెలకూ అందుతోంది. మన పిల్లల్లో ఒకరు ఆ కేంద్రంలో శాస్త్రవేత్త కావాలి కూడా. అయితే ఆ బిడ్డ తన తాతలు ఆ నేల మీద ఉన్నారని తెలిసి లోపలికి వెళ్లాలి.

టీచర్లారా, ఆ పాఠం చెప్పేటప్పుడు ఒక్క ప్రశ్న కలపండి: ఆ తక్కువ మంది ఎవరు, ఎక్కడికి వెళ్లారు? తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దీవి ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. పాత గూడేల పేర్లు, ఏ ఆకు ఏ జబ్బుకో, ఏ నెలలో ఏ చేపో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లూ రాయండి. పాత పుస్తకాలు వదిలేసింది ఆ పేర్లనే.