సన్‌స్క్రీన్: అద్దం ఉపమానం ఎంతవరకు సరి?

సన్‌స్క్రీన్ లేపనాలను రెండు జాతులుగా విడదీసి చెప్పడం పరిపాటి అయింది. జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు గలవి “భౌతిక” లేపనాలట. అవి అద్దంలాగ అతినీలలోహిత కిరణాలను వెనక్కి కొడతాయట. కర్బన సమ్మేళనాలు గలవి “రసాయనిక” లేపనాలట. అవి కిరణాలను పీల్చుకొని, వేడిగా మార్చి, చర్మాన్ని బాధిస్తాయట. ఈ విభజన గుర్తుంచుకోవడానికి సులభమే. కాని ఇందులో రెండు దోషాలున్నాయి.

మొదటిది అద్దం మాట. 2016లో ప్రచురితమైన కొలతల ప్రకారం ఈ ఆక్సైడులు అతినీలలోహిత కాంతిలో సగటున 4, 5 శాతం మాత్రమే పరావర్తనం చేస్తాయి. రక్షణలో అధికభాగం శోషణ వల్లనే కలుగుతుంది. జింకు ఆక్సైడు స్ఫటికంలో ఒక ఎలక్ట్రానును పై శక్తి పట్టీకి ఎత్తడానికి సుమారు 3.3 ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావాలి. దాదాపు 375 నానోమీటర్లకంటె పొట్టి తరంగాలకు ఆ శక్తి ఉంది. అందుచేత స్ఫటికం వాటిని పీల్చుకొంటుంది. దృశ్యకాంతికి ఆ శక్తి చాలదు. అది రేణువుల మీద చెదిరిపోతుంది. లేపనం తెల్లగా కనబడేది ఇందువల్లనే. ఆ తెలుపును చూసి, కంటికి కనబడని కిరణాలకూ అదే గతి పడుతుందనుకోవడం తగదు.

రెండవది వేడి మాట. ఆక్సీబెంజోను అణువులో ఒక హైడ్రాక్సిల్ ఉదజని, పక్కనున్న కార్బొనిల్ ఆక్సిజనుతో బంధం కలుపుకొని ఉంటుంది. ఫోటానును పీల్చుకోగానే ఆ ప్రోటాను ఆక్సిజను వైపు దూకుతుంది, అణువు మెలితిరుగుతుంది, శక్తి కంపనాలుగా మారి చుట్టుపక్కల అణువులకు చేరుతుంది, ప్రోటాను తిరిగి స్వస్థానానికి వస్తుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అటువంటి కొద్ది భాగాలలోనే ఇదంతా ముగిసి, అణువు మరో ఫోటానుకు సిద్ధమవుతుంది.

వేడి పుట్టే మాట నిజమే. కాని నేలకు చేరే ఎండలో అతినీలలోహిత భాగం శక్తి రీత్యా సుమారు 5 శాతమే. లేపనం లేకపోతే అందులో అధికభాగాన్ని చర్మమే పీల్చుకొని వేడిగా మారుస్తుంది. చర్మంలోని మెలనిన్ చేసే పని కూడా ఇదే. లేపనం ఉంటే ఆ శోషణ పైపొరలోనే జరిగి, జీవకణాలలోని డి.ఎన్.ఏ.కు తగిలే దెబ్బ తగ్గుతుంది.

ఆక్సైడులకూ కర్బన సమ్మేళనాలకూ భేదమే లేదని దీని అర్థం కాదు. మొదటివి కరగని రేణువులు. రెండవవాటిలో కొన్ని చర్మం ద్వారా రక్తంలోకి చేరుతున్నట్లు 2019లో వెల్లడైంది. అది విడిగా విచారించవలసిన విషయం. కాంతిని ఎదుర్కోవడంలో మాత్రం అసలు భేదం వేరొకచోట ఉంది. అవోబెంజోను అణువు కాంతిని బాగానే పీల్చుకొంటుంది. కాని పీల్చుకొన్న శక్తిని ప్రతిసారీ క్షేమంగా వదిలించుకోలేక కొంత కొంతగా విచ్ఛిన్నమవుతుంది. అందుకే దానితోపాటు ఆక్టోక్రిలీను వంటి సహాయకాన్ని కలుపుతారు.

కనుక తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు “భౌతికమా, రసాయనికమా?” అని విభజించడంకంటె, “పీల్చుకొన్న శక్తి ఎక్కడికి పోయింది?” అని అడగడం మేలు. శక్తి నిత్యత్వ నియమం చదివిన విద్యార్థి ఈ ప్రశ్నను అందుకోగలడు. ప్రకటనలలోని మాటలనూ దానితోనే పరీక్షించగలడు.