ఆరే వినిపించినయి

2002లో ‘ఆది’ చూసినప్పుడు టాటా సుమోలు గాల్లోకి లేస్తుంటే హాల్లో అందరితో పాటు నేనూ ఈల వేశాను. ఊరికొచ్చి మా చిన్నాయనకు చేతులు ఊపుతూ ఆ సీన్ చెప్పాను. అంతా విని, “మంట అంతగనం ఎందుకొచ్చిందిరా?” అన్నడు.

చిన్నాయన దేవరకొండ దిక్కు బావుల్లో బండ పేల్చే పనికి పోయేవాడు. నీళ్లు అడుక్కి పోయినకొద్దీ మా నల్గొండ, పాలమూరు రైతులు బావిని ఇంకో రెండు గజాలు దింపుతూ పోయారు. కిందంతా బండే. కంప్రెసర్‌తో బొక్కలు వేసి, తూటాలు పెట్టి పేల్చాలి. నేను చూసిన ఆ పేలుళ్లలో మంట లేదు. దుమ్ము, రాళ్లు. కిలోమీటరు దూరంలో గుట్టెక్కి చూస్తే ముందు దుమ్ము లేచేది, మూడు సెకన్లకు గాని చప్పుడు వచ్చేది కాదు.

ఆయన ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్లకు దొరికింది. సినిమా పేలుడులో మనం చూసేది మందును కాదు, నూనెను. ఇనుప గొట్టం అడుగున కొంచెం తుపాకిమందు, దాని మీద పెట్రోలు సంచి. మందు పెట్రోలును తుంపరగా పైకి చిమ్ముతుంది, అది గాల్లో నారింజ రంగు ముద్దై మండుతుంది. ‘స్పెక్టర్’ (2015) కోసం మొరాకోలో చేసిన పేలుడు గిన్నిస్‌కెక్కింది: కిరోసిన్ 8,418 లీటర్లు, మందు 33 కిలోలే. ఎగిరే శిథిలాలు చాలాసార్లు బెండుముక్కలు. చప్పుడు తర్వాత కలుపుతారు, ఎంత దూరమున్నా వెలుగుతో పాటే.

ఈ అబద్ధంతో నాకు పేచీ లేదు. నిజం పేలుడు తెర మీద చప్పగా, మట్టిమట్టిగా ఉంటుంది. నా పేచీ హీరో వెనక్కి చూడకుండా నడిచొచ్చే ఆ నడకతో.

చిన్నాయన ఏడు పెడితే ఏడూ లెక్కబెట్టేవాడు. ‘ఆది’ వచ్చిన రెండేళ్లకు ఒకరోజు ఆరే వినిపించినయి. ఒడ్డున ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి బావి రైతు తొందరపెట్టిండు, కూలి దండుగైతదని. చిన్నాయనే దిగిండు. ఎడమచేతికి రెండు వేళ్లు మిగిలినయి.

ఆరో చప్పుడు తర్వాతి ఆ నిశ్శబ్దాన్ని మన యాక్షన్ సినిమాల్లో నేనింతవరకు చూడలేదు. తమాషా ఏంటంటే, షూటింగులో అది ఉంటుంది. కట్ చెప్పాక కూడా, పేలనిదేమన్నా మిగిలిందా అని పేల్చినవాళ్లు చూసి సరే అనేదాకా ఎవరూ అటు పోకూడదు. తీసేవాళ్లకు తెలిసిన ఆ భయం ఎడిటింగ్ టేబుల్ దాకా రాదు, అంతే.

మొన్న టీవీలో ‘ఆది’ వస్తుంటే చిన్నాయన పక్కన కూర్చున్నాను. సుమోలు లేస్తున్నాయి. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏందని అడిగితే చెయ్యి అడ్డం పెట్టిండు, లెక్క తప్పుతదని.