యల్లాప్రగడ సుబ్బారావు - పత్రికా కథనాలలో ‘అజ్ఞాత మహనీయుడి’ మూస

1. ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) గురించి తెలుగు దినపత్రికలలో వచ్చే వ్యాసాలకు ఒక నమూనా స్థిరపడింది. జనవరి 12న జయంతికో, ఆగస్టులో వర్ధంతికో వెలువడే ఈ రచనలు చాలావరకు ‘మనం మరచిన మహనీయుడు’ అన్న నిట్టూర్పుతో మొదలై, నోబెల్ బహుమతి రాలేదన్న ఆవేదనతో ముగుస్తాయి. నడుమ భీమవరంలో పుట్టుక, పేదరికం, అమెరికా ప్రయాణం, మందుల జాబితా వరుసగా వస్తాయి. ఈ నమూనా ఆయన కృషికి న్యాయం చేస్తున్నదా అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. మూస ఏర్పడిన తీరు

సుబ్బారావు మరణించిన రెండేళ్లకు, 1950లో, అమెరికన్ పత్రిక ‘ఆర్గసీ’లో డోరన్ ఆంట్రిమ్ ఆయనపై ఒక వ్యాసం రాశారు. పాఠకులు ఈ పేరు విని ఉండకపోవచ్చునన్న ఊహ దానికి ఆధారం. ఆనాటి అమెరికన్ పాఠకుల విషయంలో అది వాస్తవమే. పారిశ్రామిక పరిశోధనశాలలో ఫలితాలు బృందం పేరుతో వెలువడేవి. ఆయన ప్రచారాన్ని కోరుకోలేదు. అదే మాట నేటి తెలుగు పాఠకుడికి చెప్పడం మాత్రం అలవాటే తప్ప సమాచారం కాదు. 1987లో పాత్రికేయుడు ఎస్.పి.కె. గుప్తా ఆంగ్లంలో జీవిత చరిత్ర వెలువరించారు. 1995లో తపాలా బిళ్ల విడుదలైంది. గుప్తా తన గ్రంథ ఉపశీర్షికలోనే విజయాలతోపాటు వైఫల్యాలనూ పేర్కొన్నారు. జయంతి వ్యాసాలలో ఆ రెండవ మాటకు చోటు దక్కడం అరుదు.

3. జాబితా మరుగుపరచినవి

‘ఏటీపీని కనుగొన్నారు’ అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి ఆ పదార్థాన్ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా గుర్తించారు. ఆరియోమైసిన్‌ను వెలికితీసినవారు వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆ పని లెడర్లీ సంస్థలో సుబ్బారావు పరిశోధనా నాయకత్వంలో జరిగింది. ఈ పేర్లను తొలగిస్తే సుబ్బారావు ఘనత పెరగదు. ఆయనకు జరిగిందని మనం బాధపడే అన్యాయాన్నే ఆయన సహచరులకు చేసినవారమవుతాము.

4. ఒక ఉదాహరణ: అమినోప్టెరిన్

‘క్యాన్సర్‌కు మందు కనిపెట్టారు’ అన్న శీర్షిక వెనుక ఆసక్తికరమైన పరిణామక్రమం ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా ఉద్ధృతమైనట్లు కనిపించింది. ఈ వైఫల్యం నుంచే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం మేలు చేయవచ్చునన్న ఆలోచన బలపడింది. లెడర్లీలో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ తదితరులు సంశ్లేషించిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ వాడారు. 1948లో ఆయన ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మందికి మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమేనని కూడా ఆయన స్పష్టం చేశారు. పొరపాటు, ప్రశ్న, సంశ్లేషణ, పరిమిత ఫలితం అనే ఈ నాలుగు దశలనూ పత్రికా కథనం ఒకే క్రియాపదంలోకి కుదించింది. దానివల్ల పాఠకుడికి గర్వం మిగులుతుంది, శాస్త్రం పని చేసే తీరు తెలియదు.

5. ముగింపు

ఈ వ్యాసాలు సుబ్బారావు పేరును సజీవంగా నిలిపాయన్నది కాదనలేని సత్యం. అయితే పేరును గుర్తుచేయడంతో పత్రిక బాధ్యత తీరదు. గుర్తింపు లేదన్న విచారం ఏటా పునరుక్తమయ్యే కొద్దీ, గుర్తించవలసిన కృషి ఏమిటన్న ప్రశ్న వెనక్కి పోతున్నది. ఆయన ఏమి సాధించారన్న దానితోపాటు ఎవరితో, ఏ పద్ధతిలో, ఎక్కడ విఫలమై సాధించారన్నదీ తెలుగులో రాసిన నాడే ఆ నిట్టూర్పు అవసరం తీరుతుంది.