వేమన ఎవరితో మాట్లాడుతున్నాడు?

మన సంఘాల వేదికలమీద ఉగాదినాడు గాని, పద్యపఠన పోటీలనాడు గాని వేమన పద్యం వినబడనిదే కార్యక్రమం నిండుగా ఉండదు. చిన్నపిల్లలు చేతులు కట్టుకొని నిలబడి నాలుగు పాదాలు గడగడ అప్పజెప్తారు. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. న్యాయనిర్ణేతలు ఉచ్చారణకు ఇన్ని, జ్ఞాపకశక్తికి ఇన్ని, నిలబడిన తీరుకు ఇన్ని అని మార్కులు వేస్తారు. ఇది మంచి ఆచారమే. దీనివల్లనే ఇన్ని తరాలుగా ఆ పద్యాలు నటాల్ నేలమీద బతికి ఉన్నవి. అయితే ఆ పద్యాలు ఏ పనికోసం పుట్టినవో ఆ పని వాటిచేత మనం చేయిస్తున్నామా అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

నేను తెలుగు నేర్చుకొన్నది సంఘం నడిపిన సాయంకాలపు తరగతులలో. ఇప్పుడు వారాంతంలో నేనే అటువంటి తరగతి చెప్తున్నాను. అక్కడ తొమ్మిదేళ్ళ పిల్ల ఒకసారి నన్ను అడిగింది: "టీచర్, వేమన చెప్పేది నాకా, ఆయనకా?" పిల్ల అడిగిన ప్రశ్న చిన్నదే గాని శతక సాహిత్యమంతటినీ విడదీసి చూపే ప్రశ్న అది. శతకానికి మకుటం ఉంటుంది. మకుటమంటే ప్రతి పద్యం చివర వచ్చే సంబోధన. కవి ఎవరిని పిలిచి మాట్లాడుతున్నాడో అది చెప్తుంది. ఎవరిని పిలుస్తున్నాడన్న దానినిబట్టే పద్యం చేసే పని మారిపోతుంది.

మన తరగతులలో వేమనకు తోడుగా చెప్పేది సుమతీ శతకం. అది 13వ శతాబ్దపు బద్దెన రచన అని ప్రతీతి. కందపద్యాలు. అందులో కవి పిలిచేది మంచి బుద్ధి గలవానిని, అనగా ఎదుటివానిని. ఇది చేయుము, అది చేయకుము అని ఆజ్ఞ ఇస్తాడు. పెద్దవాడు చిన్నవానికి చెప్పే ధోరణి అది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలోను, రామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలోను దేవుని పిలుస్తారు. ధూర్జటి రాజుల కొలువును ఏవగించుకొంటాడు, తన కోరికలను తానే లెక్కపెట్టి శివుని ముందు పెడతాడు. అక్కడ ఆత్మపరిశీలన ఉంది గాని అది దైవానికి చేసుకొన్న విన్నపం రూపంలో ఉంది.

వేమన మార్గం వేరు. ఆయన మకుటంలోని మొదటి మాటలకు పండితులు రకరకాల అర్థాలు చెప్పారు. కొందరు అవి స్నేహితుల పేర్లన్నారు, కొందరు భగవంతుని విశేషణాలన్నారు. ఆ చర్చ ఎట్లా తేలినా ఒక సంగతి మాత్రం మారదు. చివర ఉన్న పేరు కవిదే. వినుమని చెప్పేది ఎవరైనప్పటికీ వినవలసినవాడు వేమనే. నీతి అంతా చెప్పిన తర్వాత ఆ నీతి మొట్టమొదట చేరేది ఆయన చెవికే. మనం పక్కన నిలబడి వింటున్న వాళ్ళం మాత్రమే.

రోమను చక్రవర్తి మార్కస్ అరీలియస్ క్రీస్తు తర్వాత రెండవ శతాబ్దంలో తనకు తాను చెప్పుకొన్న మాటలను గ్రీకు భాషలో వ్రాసుకొన్నాడు. లోకం దానిని గొప్ప ఆత్మపరిశీలన గ్రంథమని నేటికీ చదువుతున్నది. మన వేమన 17వ శతాబ్దంవాడని పలువురి అభిప్రాయం. ఆయన చేసిందీ ఆ పనే. కాని చక్రవర్తి తనకోసం వ్రాసుకొన్నాడు, వేమన పదిమంది వింటుండగా తనతో మాట్లాడుకొన్నాడు. అందుచేతనే ఆయన పద్యాలు చాలాకాలం తాటాకు కంటె ఎక్కువగా నోటిమీద బతికినవి. 1829లో సి.పి.బ్రౌను దొర వాటిని సేకరించి అచ్చువేయించేనాటికే అవి జనం సొత్తు.

ఈ దృష్టితో ఒక పద్యాన్ని చూద్దాము. ఎదుటివారి తప్పులు ఎంచేవారు గుంపులుగుంపులుగా ఉన్నారని, తప్పు లేని మనిషి లోకంలో లేడని, తప్పులెంచేవారికి తమ తప్పు తెలియదని చెప్పే పద్యం మనందరికీ తెలుసు. మన ఇళ్ళలోను తరగతులలోను దీనిని ఎప్పుడు చదువుతారు? ఎవరైనా మనల్ని విమర్శించినప్పుడు, వాళ్ళ నోరు మూయించడానికి! సంఘం సమావేశాలలో కూడా ఈ పద్యాన్ని కర్రలాగ వాడడం నేను చూచి ఉన్నాను. కాని మకుటం తీసివేసి చూడండి. అప్పుడు ఆ పద్యంలో ఒక లోపం కనబడుతుంది. తప్పులెంచేవారి తప్పును ఎంచుతున్న ఈ కవి మాత్రం తప్పులెంచేవాడు కాడా? ఈ చిక్కునుంచి పద్యాన్ని కాపాడుతున్నది నాల్గవ పాదం ఒక్కటే. "ఓయీ వేమా, నీవుకూడా ఆ గుంపులోనివాడవే, విను" అని కవి తన వైపుకు తిరుగుతాడు. ఆ తిరుగుడు లేనిచో అది వట్టి ఎత్తిపొడుపు. ఉన్నందువల్లనే అది నీతి.

ఇక పద్యం నడకను గమనిద్దాము. ఆటవెలదిలో మొదటి, మూడవ పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ, నాల్గవ పాదాలకు ఐదూ సూర్యగణాలే. అందుచేత ఒక పాదం కొంచెం సాగుతుంది, మరుసటి పాదం పొట్టిగా వచ్చి నిలుస్తుంది. ఈ నడకలో వేమన తన ఆలోచనను చాలాచోట్ల ఒకే వరుసలో పెడతాడు. మొదటి రెండు పాదాలలో కంటికి కనబడే వస్తువు ఒకటి చూపిస్తాడు. మూడవ పాదంలో దానిని మనిషికి అన్వయిస్తాడు. నాల్గవ పాదంలో తనను తాను పిలుచుకొంటాడు. ఉప్పు, కర్పూరం చూపుకు ఒకటే, రుచి చూస్తే వేరు అనే పద్యం ఇట్లాగే నడుస్తుంది. ముందు వంటింటి వస్తువు, తర్వాత మనుషులలో ఉత్తముడు, ఆపైన వేమన.

చూడు, పోల్చు, నీవైపు తిరుగు. ఇవి మూడు మెట్లు. నేడు ఆత్మాభివృద్ధి పేరుతో పుస్తకాల దుకాణాలలోను, చేతిలోని ఫోనులలోను ఎన్నో పాఠాలు దొరుకుతున్నవి. తెల్లవారగానే లక్ష్యాలు వ్రాసుకో, అద్దంలో చూచుకొని నేను గెలుస్తానని చెప్పుకో, రాత్రి ఎంత సాధించావో లెక్క చూచుకో అని అవి చెప్తవి. వాటిని నేను తేలికచేయను. మా బడిలో పరీక్షలముందు గుండె జారిన పిల్లలకు అటువంటి మాటలు మేలు చేయడం నాకు తెలుసు. కాని వాటిలో పెక్కింటి లెక్క లాభానికి సంబంధించినది. నేను ఎంత పెరిగాను? ఎంత ముందుకు పోయాను? వేమన అడిగేది మరొక లెక్క. నేను ఉప్పునా, కర్పూరాన్నా? పైకి ఒక్కలాగే కనబడుతున్నాను సరే, రుచి చూచినవారు ఏమంటారు? ఈ ప్రశ్నకు మార్కులు ఉండవు. అడిగేవాడు, జవాబు చెప్పేవాడు ఒక్కడే గనుక మోసం చేసీ లాభం లేదు.

అట్లని వేమన నిరుత్సాహపరిచేవాడు కాదు. పాడుతూ ఉంటే రాగం కుదురుతుందని, తింటూ ఉంటే వేపాకు కూడా తియ్యబడుతుందని, పూనుకొని చేస్తే పని నెరవేరుతుందని చెప్పిన పద్యం ఉన్నది. అభ్యాసం గూర్చి దీనికన్న సూటిగా చెప్పిన మాట నాకు తెలియదు. ఇందులో గెలుపు ఊసే లేదు, అలవాటు ఊసు ఉన్నది. వేప చేదు పోదు, తినేవాని నాలుక మారుతుంది.

మనబోటివారికి ఈ తేడా మరొక కారణంచేత ముఖ్యమైనది. సుమతీ శతకంలో అప్పు ఇచ్చేవాడు, వైద్యుడు, ఎండని ఏరు, ద్విజుడు ఉన్న ఊరిలోనే ఉండుము, లేని ఊరు చొరకుము అని ఒక పద్యం ఉంది. ఊరిని ఎంచుకోగల స్వేచ్ఛ ఉన్నవానికి అది మంచి సలహా. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చి డర్బన్ చేరింది. అది మొదలు 1911లో రాకలు ఆగేదాకా 1,52,184 మంది కూలి ఒప్పందంమీద నటాల్‌కు వచ్చారు. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుంచి వచ్చిన మన పెద్దలు వారిలో ఉన్నారు. వారిని ఏ చెరకు తోటకు పంపాలో నిర్ణయించింది వారు కాదు. తోట దాటి పోవాలంటే చీటీ కావలెను. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు, ఐదేండ్ల ఒప్పందం. ఒక్కొక్కరికి ఒక నంబరు. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చ అన్నీ దొరల పుస్తకాలలో ఎక్కినవి. వారి లెక్క అంతా ఇతరులు వ్రాసినదే.

అటువంటి బతుకులో ఊరిని ఎంచుకొనుమనే సలహా ఎందుకు పనికివస్తుంది? తనతో తాను మాట్లాడుకోవడానికి మాత్రం చీటీ అక్కరలేదు. కూలి లైన్లలో పగలంతా చెరకు నరికి వచ్చిన మనిషి తన పేరు తాను తలచుకొని, ఈ రోజు నేను ఎట్లా ఉన్నాను అని అడుగుకొనగలడు. తోటవారి పుస్తకంలో ఎక్కని లెక్క అది. మన తాతలు అవ్వలు ఏమి తలచుకొన్నారో చెప్పే వ్రాతలు మనకు చాలా తక్కువ. వారందరు వేమనను ఇట్లా వాడుకొన్నారని నేను కథ అల్లను. అటువంటి స్థితిలో కూడా పనికివచ్చే పద్యం ఏదని అడిగితే మాత్రం అది వేమన పద్యమేనని చెప్తాను. అవసరమైన సరుకు ఒక నోరు, ఒక పేరు. అంతే.

వేమనలో లోపాలు లేవా? ఉన్నవి. ఆయన పేర అచ్చైన సంపుటాలలో ఇతరులు చేర్చిన పద్యాలు చాలా ఉన్నవని పండితులే చెప్పారు. స్త్రీలను గూర్చి కొన్ని పద్యాలలో ఉన్న మాటలు నేను మా ఆడపిల్లలచేత చదివించను. కోపం కూడా ఎక్కువ. కాని ఇక్కడ కూడా ఆయన పద్ధతే మనకు దారి చూపుతుంది. పద్యాన్ని కళ్ళకు అద్దుకొనడం కాదు, దానిని కూడా రుచి చూచి ఉప్పో కర్పూరమో తేల్చుకొనడం మన పని.

కాబట్టి మన తరగతుల పెద్దలకు, పోటీలు నడిపేవారికి రెండు మాటలు మనవి చేస్తాను. మొదటిది, పిల్లలు పద్యం అప్పజెప్పిన తర్వాత అర్థం అడగడంతో ఆపవద్దు. ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొని వచ్చిన పిల్లకైనా సరే, "వేమా అన్నచోట నీ పేరు పెట్టి, నీ సంగతి ఒక వాక్యం తెలుగులో చెప్పు" అని అడగండి. ఆ వాక్యంలో విభక్తి తప్పవచ్చు, క్రియ తప్పవచ్చు. దానికి మార్కులు తగ్గించవద్దు. నా తరగతిలో ఒక పిల్లవాడు తన పేరు పెట్టుకొని, "నువ్వు తమ్ముడి మీద అరిచావు, విను" అన్నాడు. వ్యాకరణానికి నేను చూచుకొంటాను. ఆ వాక్యం మాత్రం వానిది.

రెండవది పెద్దలకు. వారానికి ఒక్క పద్యం చాలు. రాత్రి పడుకోబోయేముందు ఆ రోజు చూచిన ఒక వస్తువును గాని, ఒక సంఘటనను గాని తలచుకొనండి. దానిని ఒక మనిషి గుణంతో పోల్చండి. తర్వాత మీ పేరు మీరే పిలుచుకొని ఒక్క వాక్యం చెప్పుకొనండి, తెలుగులో. నోట్ బుక్కులో వ్రాసుకొంటే మరీ మంచిది. ఇందుకు గురువు అక్కరలేదు, రుసుము లేదు.

తెలుగులోనే అని ఎందుకు పట్టుపడుతున్నానంటే, మన ఇళ్ళలో నేడు మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగు పూజకు, వేదికకు మిగిలింది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరవ విభాగంలో గౌరవించి పెంపొందించవలసిన భాషలలో తెలుగు పేరు కూడా వ్రాసి ఉన్నది. అది మనకు గౌరవమే. కాని రాజ్యాంగంలో ఉన్న పేరు మన మనస్సులో ఒక్క వాక్యమైనా పలికించలేదు. దేవునితో మాట్లాడడానికి, సభతో మాట్లాడడానికి తెలుగు ఉంచుకొన్నాము. మనతో మనం మాట్లాడుకోవడానికి కూడా కొంచెం ఉంచుకొందాము. వచ్చే ఉగాది పోటీలలో ఏ ఒక్క శాఖ అయినా పైన చెప్పిన పద్ధతిని ప్రయత్నించి చూచి, పిల్లలు చెప్పిన వాక్యాలను ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను.