మార్చాల్సింది సోఫా

బెంగళూరు కుందలహళ్ళి అద్దె ఫ్లాట్లలో హాలుకు ఒకటే మూస: నేలంతా టైల్స్, ఉత్త గోడలు, బాల్కనీ వైపు అద్దాల తలుపు. మేకు కొడితే ఓనరు ఊరుకోడు. అందులో మంచి స్పీకర్లు పెట్టి మృదంగం వినబోతే ఎడమవైపు దెబ్బ గుమ్మని సాగుతూ కుడిచేతి పలుకును మింగేస్తుంది. చాలామంది అప్పుడు స్పీకర్లు మారుస్తారు. మార్చాల్సింది సోఫా.

గోడకూ గోడకూ మధ్య పన్నెండడుగులు అనుకోండి. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 47 హెర్ట్జ్ అలలో సరిగ్గా సగం ఆ దూరంలో ఇముడుతుంది. వెళ్ళే అల, తిరిగొచ్చే అల కలిసి అక్కడే నిలబడిపోతాయి. గోడ పక్కన కూర్చున్నవాడికి హోరు, నడిమధ్యన ఉన్నవాడికి ఆ స్వరమే దాదాపు వినపడదు. 94, 141 దగ్గరా ఇదే తంతు, చోట్లు మాత్రం మారతాయి. సోఫాను గోడకు ఆనించడం మన ఇళ్ళలో ఆచారం కదా, హోరంతా మన వాటాకే వస్తుంది.

దీన్ని కళ్ళతో చూడొచ్చు. కొలతల మైకు ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. స్పీకర్ మంద్రం నుంచి తారం దాకా ఒక్క కూత కూస్తుంది, తెర మీద గీత పడుతుంది. గీతలో గుట్టలను ఈక్వలైజర్‌తో కోసేయొచ్చు. గుంటలతోనే చిక్కు. స్పీకర్ వెనక గోడకు మీటరు దూరంలో ఉంటే, 86 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చే అలను గోడ తాకి వచ్చిన అల కొట్టేస్తుంది. అక్కడ పెంచితే రెండూ కలిసే పెరిగి మళ్ళీ కొట్టేసుకుంటాయి. పది డెసిబెళ్ళు ఎక్కించాలంటే ఆంప్లిఫయర్ పదింతల శక్తి పోయాలి, అదీ వృథాగా. స్పీకర్‌ను జరపడానికి పైసా ఖర్చు లేదు.

మరి మెత్తని గుడ్డలు సాయపడవా? 1895లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సేబిన్ ఒక థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించి, లెక్చర్ హాల్లో పరిచి, మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. మన బొంతలు, కర్టెన్లు కూడా చప్పట్ల మోతను తగ్గిస్తాయి. ఏడు మీటర్ల పొడవున్న 47 హెర్ట్జ్ అలకు మాత్రం కర్టెన్ ఒక లెక్కా?

మూడొందల హెర్ట్జ్ దాటితే నేను చెయ్యి పెట్టను. ఆ పైన నేరుగా వచ్చిన ధ్వనినీ గది కలిపిన ధ్వనినీ చెవి వేరుచేసుకోగలదు, మైకుకు ఆ తెలివి లేదు. కెనడాలోనూ తర్వాత ఆడియో కంపెనీ హార్మన్‌లోనూ పనిచేసిన ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ వాదనా దాదాపు ఇదే. గీత బల్లపరుపుగా ఉండాలన్న పంతమూ వద్దు. కింద కాస్త ఎత్తుగా మొదలై, పైకి పోయేకొద్దీ వాలే గీతే ఎక్కువమందికి నచ్చిందని హార్మన్ పరీక్షల్లో తేలింది.

"బావా, బేస్ మొత్తం తీసేశావేంటి?" అని మా బావమరిది అలక. వాడికోసం అడుగున మూడు డెసిబెళ్ళు కలిపాను. 47 దగ్గర కోతను మాత్రం ముట్టుకోనివ్వను. పక్క ఫ్లాటువాళ్ళ గోడ దాటేదీ ఎక్కువగా అదే.