త్రీనాట్‌త్రీకి గురి కుదరాలంటే

త్రీనాట్‌త్రీ అనగానే మనకు పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడే బరువైన తుపాకీ గుర్తొస్తుంది. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం దశాబ్దాల పాటు దీన్ని తయారుచేసింది. 1960లలో ఇదే నమూనాలో 7.62 మి.మీ. తూటా కాల్చే రైఫిల్‌నూ అక్కడే చేశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. కెనడా, ఆస్ట్రేలియా, అమెరికాల్లో మాత్రం సైన్యం వదిలేసిన ఈ రైఫిళ్లను చట్టప్రకారం కొని, రేంజిలో కాల్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొన్న కొత్తలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు రెండు: గుండు పైకి పోతోంది, ట్రిగ్గర్ బిర్రుగా ఉంది. రెండింటిలోనూ రైఫిల్ తప్పు తక్కువ.

గుండు ఎందుకు పైకి పోతుంది? లీ ఎన్‌ఫీల్డ్‌లో నంబర్ 4 అనే రకం మీద కనిపించే ఒక వెనక సైటుకు రెండు రంధ్రాలుంటాయి. ఒకటి 300 గజాలకు, రెండోది 600 గజాలకు. అంత దూరానికి అమర్చిన గురితో వంద గజాల అట్ట మీద కాలిస్తే కొన్ని అంగుళాలు పైన తగలడమే న్యాయం. దాన్ని దించాలంటే ముందు సైటు పలకను మార్చాలి. ఆ పలకలను అంగుళంలో వెయ్యింట 15 వంతుల తేడాతో, వరుస ఎత్తుల్లో తయారుచేసేవారు. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 28 అంగుళాలు. వంద గజాలంటే 3,600 అంగుళాలు. కాబట్టి పలక ఒక్క మెట్టు మారితే అట్ట మీద గుండు దాదాపు రెండు అంగుళాలు కదులుతుంది.

గుండు పైకి పోతుంటే ఎత్తు పలక వేయాలి, కిందికి పోతుంటే పొట్టి పలక. ఎడమకు పోతుంటే ముందు సైటును ఎడమకే జరపాలి. వెనక సైటు విషయంలో ఇది తలకిందులు, తికమకంతా అక్కడే. అయితే ఒక్క గుండు చూసి సైటు ముట్టుకోకూడదు. మన ఎన్‌సీసీ కుర్రాళ్లకు నేర్పేదీ ఇదే: ముందు గ్రూపింగ్. ఐదు గుండ్లు ఒకచోట పడితే, వాటి నడిమి బిందువును బట్టి సవరణ చేయాలి. చెల్లాచెదురుగా పడితే సైటు మార్చి లాభం లేదు, కాల్చే పద్ధతిని సరిచేసుకోవాలి.

ఇక ట్రిగ్గర్. ఈ రైఫిల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ట్రిగ్గర్ పైకొసన రెండు చిన్న గుబ్బలుంటాయి. వేలు నొక్కగానే మొదటి గుబ్బ పనిచేస్తుంది. మూడు నాలుగు పౌన్ల ఒత్తిడితో ట్రిగ్గర్ మెత్తగా జరుగుతుంది. రెండో గుబ్బ తగలగానే వేలికి ఒక అడ్డు తెలుస్తుంది. అక్కడి నుంచి ఐదారు పౌన్లకు చేరితే గుండు పేలుతుంది. అంటే పేలబోయే ముందు రైఫిల్ మనకు కబురు చెబుతోంది. ఆ అడ్డు దగ్గర ఆగి, ఊపిరి సగం వదిలి, చూపును ముందు సైటు కొస మీద నిలిపి, ఒత్తిడిని నెమ్మదిగా పెంచాలి. చటుక్కున లాగితే గొట్టం పక్కకు పోతుంది.

రైఫిల్‌కు అమర్చిన చెక్క సంగతి చాలామంది పట్టించుకోరు. నంబర్ 4 తొలి రకాల్లో ట్రిగ్గర్‌ను దాని కింది ఇనుప కమానుకే బిగించారు. తేమకు చెక్క ఉబ్బినా, ఎండకు కుంచించుకుపోయినా కమాను కదులుతుంది, ట్రిగ్గర్ తీరు మారిపోతుంది. అందుకే తర్వాత వచ్చిన మార్క్ 2లో ట్రిగ్గర్‌ను నేరుగా రైఫిల్ ఉక్కు శరీరానికే తగిలించారు. నిన్న బాగున్న ట్రిగ్గర్ ఇవాళ మొరాయిస్తే, ముందు మరలు, చెక్క చూడాలి.

సాధనకు తూటా ఖర్చు అక్కర్లేదు. మ్యాగజైన్, గొట్టం ఖాళీ అని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, గొట్టం కొసన ఒక నాణెం నిలిపి ట్రిగ్గర్ నొక్కండి. నాణెం పడకుండా నొక్కగలిగే దాకా రేంజికి వెళ్లే తొందర వద్దు.

ట్రిగ్గర్ తేలిక కోసం దాని లోపలి భాగాలను ఆకురాయితో మాత్రం అరగదీయకండి. వాటి పట్టు తగ్గితే బోల్టు మూసిన దెబ్బకే తుపాకీ పేలవచ్చు.