సిరివెళ్ల గొంతు

సినిమా మంచిచెడులు కొందరు కథను బట్టి తేలుస్తారు, కొందరు పాటలను బట్టి. నాది చెవి లెక్క. తెర మీద మనిషి నోరు తెరవగానే ఏ ఊరివాడో తెలియాలి. ఈ పిచ్చి నాకు అంటించింది నటుడు జయప్రకాశ్ రెడ్డి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో సిరివెళ్ల. ఆయన పుట్టింది ఆ మండలంలోనే. బతుకుతెరువు బడిలో పాఠాలు, ప్రాణం నాటకం. 1988లో దాసరి నారాయణరావు తీసిన 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చినా, జనానికి గుర్తుండిపోయింది 1997లో, 'ప్రేమించుకుందాం రా'తో. 1999 సంక్రాంతికి వచ్చిన 'సమరసింహారెడ్డి'లో వీరరాఘవరెడ్డిగా ఇక తిరుగులేదు. అంతకుముందు సినిమాల్లో రాయలసీమ పెద్దమనిషికి మీసముండేది, పంచె ఉండేది, మాట మాత్రం చాలాసార్లు కోస్తాదే.

యాస అంటే 'ఎక్కడ' తీసి 'యాడ' పెట్టి, చివర ఒక 'అప్పా' తగిలించడమనుకునే రచయితలు ఇప్పటికీ ఉన్నారు. అది వేషం. 'వచ్చాడు' అనేచోట 'వచ్చినాడు', 'పోతున్నావు' అనేచోట 'పోతాండావు' అన్నప్పుడు వాక్యం తూగే మారిపోతుంది. ఆ తూగు తెలియని నటుడు మాటలన్నీ సరిగ్గానే పలికినా పరాయివాడిలా వినిపిస్తాడు. జయప్రకాశ్ రెడ్డి నడుమ దీర్ఘాన్ని సాగదీసి, చివరి మాటను టక్కున తుంచేవాడు. అరుపుకు ముందు ఒక్క క్షణం ఆగేవాడు. మా ప్రాంతంలో పెద్దవాళ్లు బెదిరించేటప్పుడు కూడా 'నాయనా' అనే పిలుస్తారు. ఆ ప్రేమలోని బెదిరింపు ఆయన గొంతులో పలికినట్టు ఇంకెవరి గొంతులోనూ పలకలేదని నా అభిప్రాయం.

అరుపుకు ముందు ఆ క్షణం ఆగడం రంగస్థలం నేర్పింది. ఆయన ఒక్కడే నడిపిన నాటకం 'అలెగ్జాండర్'లో ఫోన్లో అవతలివాళ్లు మనకు కనిపించరు. వాళ్లు ఏమన్నారో ఈయన వింటున్న తీరును బట్టే ప్రేక్షకుడు ఊహించుకోవాలి. చెప్పడం కన్నా వినడం నటించడం కష్టం. శ్రీను వైట్ల 'రెడీ' (2008)లాంటి సినిమాల్లో నవ్వించడానికీ ఈ విద్యే పనికొచ్చింది. అదే పలుకు, అదే గాంభీర్యం. సందర్భం మారింది, జనం నవ్వారు.

ఇంతవరకూ మెచ్చుకోలు. అసలు బాధ వేరే ఉంది. ఫ్యాక్షన్ సినిమా ఆ గొంతును తీసుకుపోయి విలన్ నోట్లో పెట్టి తాళం వేసింది. హీరో సీమవాడైనా పుస్తకాల తెలుగే మాట్లాడాడు. దాని ఫలితం హైదరాబాద్ హాస్టళ్లలో మన పిల్లలు అనుభవించారు: నోరు తెరిస్తే చాలు, మీ ఇంట్లో బాంబులుంటాయా అని అడిగేవాళ్లు. మన చోట్లకు మాత్రం సినిమాలో కొదవ లేదు. బనగానపల్లె నవాబు బంగళా 'అరుంధతి' (2009)లో గద్వాల కోటై వెలిగింది. 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో భారీ సినిమా వచ్చింది. అందులో మన రేనాటి సీమ పలుకు కోసం చెవి రిక్కించి కూర్చున్నాను, దొరికింది తక్కువ.

కొంత మార్పు వచ్చిన మాట నిజం. 'అరవింద సమేత' (2018)లో కొన్ని ఘట్టాల్లో హీరోయే సీమ యాస పలికాడు. దానికి పెంచల్‌దాస్‌లాంటి సీమ కవి పాట తోడైంది. 'పుష్ప' (2021) మొదటినుంచి చివరిదాకా చిత్తూరు మాటతోనే నడిచి దేశమంతా ఆడింది. యాస పెడితే సినిమా బయట ఆడదన్న వాదన అక్కడితో చచ్చింది.

జయప్రకాశ్ రెడ్డి 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో కన్నుమూశారు. ఇప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఫోను పట్టుకుని షార్ట్ ఫిల్ములు తీస్తున్న కుర్రాళ్లకు నాదొక మనవి. మన యాసను విలన్‌కు మళ్లీ ఇవ్వకండి, ఆయన కన్నా బాగా ఎవరూ చెయ్యలేరు. అమ్మకివ్వండి, ప్రేమించే పిల్లకివ్వండి, బస్టాండులో టీ పోసే మనిషికివ్వండి.